50 వాట్ల ట్యూబ్ యాంప్ అమ్మేసి మోడలర్ కొనుక్కోనా?

ఆరోతీగ
నా దగ్గర 50 వాట్ల ట్యూబ్ కాంబో ఉంది, అంటే గాజు ట్యూబులతో నడిచే గిటార్ యాంప్, స్పీకర్లు ఒకే పెట్టెలో. పవర్ ట్యూబులు రెండు ఈఎల్34లు, 12 అంగుళాల స్పీకర్లు రెండు. ఒక్కణ్ణే మోస్తే మర్నాటికి నడుం పట్టేస్తుంది. ఇంట్లో మాస్టర్ వాల్యూమ్ ఒకటి దాటిస్తే పక్కింటివాళ్లు తలుపు కొడతారు, ఒకటి దగ్గరే ఉంచితే టోన్‌లో జీవం ఉండదు. మా బ్యాండ్‌లో రెండో గిటారిస్టు భుజానికి సంచిలో ఫ్లోర్ మోడలర్ (యాంపుల సౌండ్‌ని డిజిటల్‌గా అనుకరించే పెట్టె) తగిలించుకుని వస్తాడు. నేను యాంప్ మెట్లెక్కించేలోపే కేబుల్ గుచ్చి వాయించేస్తుంటాడు. పైగా మొన్న డ్రమ్మర్ వాడి సౌండే క్లియర్‌గా ఉందన్నాడు. అప్పట్నుంచి మనసు మనసులో లేదు.

అమ్మేసి మోడలర్ కొనుక్కోనా? అమ్మాక ఏడుస్తానా? అటు నుంచి ఇటు వచ్చినవాళ్లు, ఇటు నుంచి అటు వెళ్లినవాళ్లు ఇద్దరూ చెప్పండి. "ఎవరి చెవి వాళ్లది" అని మాత్రం ఎవరూ అనొద్దు.

ఫజ్‌బాబాయ్
ఎవరి చెవి వాళ్లది.

వేడిగాజు
అమ్మకు. డ్రమ్మర్ మాట విని యాంప్ అమ్మేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. ఆ ఈఎల్34లు బాగా వేడెక్కాక వాల్యూమ్ కాస్త పెంచు. గిటార్ నాబ్ ఏడు దగ్గర పెట్టి మెల్లగా మీటితే క్లీన్, గట్టిగా మీటితే విరుచుకుపడుతుంది. కాలితో ఏ స్విచ్చూ తొక్కక్కర్లేదు, అంతా కుడిచేతిలోనే. అలా చేతి మాట వినే బొమ్మ ఇంకా పుట్టలేదు.

నడుంనొప్పి
అమ్మెయ్. నా పేరు చూశావుగా.

మిక్సర్‌మూల
నేను సౌండ్ డెస్క్ వెనక ఉండేవాణ్ణి. గిటారిస్టులకు నచ్చని సంగతొకటి చెప్తా. మీ ట్యూబ్ యాంప్ ఎలా ఉంటుందో జనానికి తెలియదు. వాళ్లు వినేది స్పీకర్ గుడ్డకు రెండు వేళ్ల దూరంలో పెట్టిన మైకుని. ఆ మైకు కాస్త పక్కకి జరిగినా, కోన్ మధ్య నుంచి అంచుకి వెళ్లినా టోన్ మారిపోతుంది. ట్యూబులు మార్చినప్పుడు వచ్చే తేడా కన్నా అదే ఎక్కువ. పాటకీ పాటకీ మధ్య ఎవరో ఒకరు దాన్ని తన్నుకుంటూ పోతారు. మోడలర్ అయితే ప్రతి రాత్రీ అదే సౌండ్ నాకు అందుతుంది.

ఇంకోటి. గిటార్ స్పీకర్ పైస్థాయి శబ్దాల్ని టార్చిలైట్ వేసినట్టు ఎదురుగా మాత్రమే కొడుతుంది. కాంబో నేల మీద ఉంటే అది మీ మోకాళ్లకి వినిపిస్తుంది, మీ చెవికి కాదు. మీరేమో ట్రెబుల్ సరిపోవట్లేదని పెంచుతారు. ముందు వరసలో కూర్చున్నవాడు చెవులు మూసుకుంటాడు.

వేడిగాజు
@మిక్సర్‌మూల యాంప్‌ని కుర్చీ మీద పెట్టి వెనక్కి వాల్చితే పోయేదానికి మోడలర్ ఎందుకండీ?

మిక్సర్‌మూల
పెట్టమని ఎప్పట్నుంచో చెబుతున్నా. ఒక్కరూ పెట్టరు.

చిప్4558
ఈ చర్చ వచ్చినప్పుడల్లా "ట్యూబ్ అంటే సరి హార్మోనిక్స్, అందుకే తియ్యగా ఉంటుంది" అని ఎవరో ఒకరు అంటారు. అనకముందే చెప్పేస్తున్నా. హార్మోనిక్స్ అంటే అసలు స్వరానికి రెండింతలు, మూడింతలు ఫ్రీక్వెన్సీలో దాంతోపాటే పలికేవి; రెండు, నాలుగు రెట్లవి సరి, మూడు, ఐదు రెట్లవి బేసి. రెండు ఈఎల్34లున్న యాంప్ పుష్-పుల్. సిగ్నల్ అలలో ఒక ట్యూబ్ పైసగం, ఇంకోటి కిందిసగం లాగుతాయి. ఆ అమరికలో సరి హార్మోనిక్స్ చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, బేసివి మిగులుతాయి. అంటే మీరు మురిసిపోయే ఆ పవర్ ట్యూబ్ గర్జనలో ఎక్కువ భాగం బేసిదే.

మరి "ఫీల్" ఎక్కణ్నుంచి వస్తుంది? నాకు తెలిసి ప్రధానంగా స్పీకర్ నుంచి. మీ స్పీకర్ మీద 8 ఓమ్‌లు అని రాసి ఉంటుంది (ఇంపీడెన్స్, అంటే కరెంటుకి స్పీకర్ పెట్టే అడ్డు) కానీ అది అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ 8 కాదు. కింద 75 నుంచి 100 హెర్ట్జ్ మధ్య ఎక్కడో అది సహజంగా ఊగే చోట అమాంతం పెరుగుతుంది, పైకి వెళ్లేకొద్దీ మళ్లీ పెరుగుతుంది. ట్రాన్సిస్టర్ పవర్ యాంప్ దీన్ని పట్టించుకోదు, వోల్టేజీని బిగించి పట్టుకుంటుంది. ట్యూబ్ యాంప్‌కి అంత పట్టు ఉండదు కాబట్టి స్పీకర్ ఎక్కడ అడ్డుపడితే అక్కడ వోల్టేజి ఎగబాకుతుంది. కింద ఒక ఉబ్బు, పైన ఒక మెరుపు. ఛాతీకి తగిలిందని మనం అనేది దాన్నే. కొత్త మోడలర్లు స్పీకర్ ఇంపీడెన్స్‌ని కూడా లెక్కలోకి తీసుకుంటున్నాయి. పాతవాటిలో చాలావరకు తీసుకునేవి కావు.

వేడిగాజు
సాగ్ సంగతి వదిలేశావు.

చిప్4558
వదల్లేదు. రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) కూడా ట్యూబే అయితే గట్టిగా మీటగానే కరెంటు ఎక్కువ లాగి సప్లై వోల్టేజి కాసేపు కుంగుతుంది. స్వరం ముందు నొక్కుకుపోయి తర్వాత విచ్చుకుంటుంది. కానీ డయోడ్ రెక్టిఫయర్ ఉన్న యాంపుల్లో అది బాగా తక్కువ. @ఆరోతీగ నీ కాంబోలో గాజు రెక్టిఫయర్ ఉందా?

ఆరోతీగ
లేదు. డయోడ్లే.

చిప్4558
అయితే ఆ సెంటిమెంటు నీకు వర్తించదు :)

పెడల్‌పిచ్చి
"ట్యూబ్ లేనిదే టోన్ లేదు" అంటూ యాంప్ ముందు ట్యూబ్ స్క్రీమర్ అనే పెడల్ పెట్టుకునేవాళ్లంటే నాకు భలే ముచ్చట. 1979 నుంచి ఉన్న ఆ పెడల్లో పేరులో తప్ప ఎక్కడా ట్యూబ్ లేదు, ఉన్నదంతా చిన్న చిప్పు.

ఫజ్‌బాబాయ్
ఆ చిప్పు నంబరే పైన ఒకాయన పేరుగా పెట్టుకున్నాడు.

జాక్‌పిన్
నేను మోడలర్ నుంచి ట్యూబ్‌కి తిరిగొచ్చినవాణ్ణి. సౌండ్ బాగోలేక కాదు. నా మోడలర్లో వందల యాంపులు, వాటికి క్యాబులు (స్పీకర్ పెట్టెలు), ప్రతి క్యాబ్‌కీ మైకులు, మైకుకి దూరం, కోణం. రాత్రి గిటార్ పట్టుకుని కూర్చునేవాణ్ణి. కుర్చీలోంచి లేచేటప్పటికి ఒక్క పాట కూడా వాయించి ఉండేవాణ్ణి కాదు, మైకుని మాత్రం అంగుళం జరిపి ఉండేవాణ్ణి. ఇప్పుడున్నది మూడు నాబుల చిన్న ట్యూబ్ యాంప్. ఆన్ చేస్తే వాయించడం తప్ప చేసే పని లేదు.

నిద్రలేనిరిఫ్
@జాక్‌పిన్ ఆ జబ్బు నీది, మోడలర్‌ది కాదు. నేను క్లీన్ ఒకటి, క్రంచ్ ఒకటి, లీడ్ ఒకటి చేసుకుని మిగతావి దాచేశా. మెనూలే వద్దనుకునేవాళ్లకి నాబులు మాత్రమే ఉన్న డిజిటల్ యాంపులూ ఉన్నాయి. ఫెండర్ 2019లో తెచ్చిన టోన్ మాస్టర్ ట్విన్ రివర్బ్ ఎదుటి నుంచి చూస్తే పాత ట్విన్‌లాగే ఉంటుంది. ట్యూబ్ ట్విన్ దాదాపు 29 కిలోలు, ఇది దాదాపు 15. వెనక వాట్లు తగ్గించే స్విచ్ కూడా ఉంది.

నడుంనొప్పి
సగం బరువు. సగం. ఇంకేం కావాలి మీకు?

వేడిగాజు
ఎంత చేసినా నకలు నకలే కదా. అసలుది ఉండగా కాపీ ఎందుకు?

పాతగోనె
@వేడిగాజు మీరు అసలుదంటున్న ఆ బ్రిటిష్ సౌండ్ మొదలైందే కాపీతో. మార్షల్ మొదటి యాంప్ జేటీఎం45 సర్క్యూట్‌ని ఫెండర్ బేస్‌మన్ చూసే చేశారు. అది గిటార్ యాంప్ కూడా కాదు, బేస్ యాంప్. అక్కడ దొరికే ట్యూబులు, ట్రాన్స్‌ఫార్మర్లు, వేరే స్పీకర్లు పెట్టేసరికి దాని దారి అది చూసుకుంది. అన్నట్టు జిమ్ మార్షల్ స్వయంగా డ్రమ్మర్. డ్రమ్మర్ల మాట వినొద్దని పైన ఎవరో సెలవిచ్చారు.

ఫజ్‌బాబాయ్
దెబ్బ గట్టిగా తగిలింది.

వేడిగాజు
సరే, కాపీ మాట వెనక్కి తీసుకుంటా. ట్యూబ్ మాట తీసుకోను.

పాతగోనె
తీసుకోవద్దు. కానీ ట్యూబ్ లేకుండా బ్లూస్ వాయించలేరన్న మాట కూడా నిలవదు. బి.బి. కింగ్ ఏళ్ల తరబడి వాడిన ల్యాబ్ సిరీస్ ఎల్5 ట్రాన్సిస్టర్ యాంపే. 1975లో వచ్చిన రోలండ్ జేసీ-120 కూడా అంతే. దాని క్లీన్ టోన్ కోసం మెటల్ బ్యాండ్లు కూడా ఎగబడ్డాయి.

మౌనవీణ22
మెటల్ మాట వచ్చింది కాబట్టి. మెటాలికా 2013 డిసెంబర్‌లో అంటార్కిటికాలో ఒక చిన్న డోమ్‌లో వాయించినప్పుడు యాంపులు మోగించలేదు. జనమంతా హెడ్‌ఫోన్లలో విన్నారు. అక్కడికి తీసుకెళ్లింది ఫ్రాక్టల్ కంపెనీ డిజిటల్ మోడలర్ ర్యాకుల్ని. తర్వాత టూర్లలో కూడా అవే నడిచాయి. అంత డబ్బు, సామాను మోసే అంతమంది రోడీలు ఉన్నవాళ్లే అలా చేస్తే మనమెంత?

జాక్‌పిన్
వాళ్లకి ఒక్కో పాటకీ సౌండ్ అమర్చిపెట్టే మనిషి ఉంటాడు. మనకి మనమే.

కొత్తపిక్
నేర్చుకుంటున్నవాణ్ణి, తిట్టొద్దు. ట్యూబ్ యాంప్‌కి స్పీకర్ వైరు పీకేసి, ఆ సాకెట్ నుంచి నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి (కంప్యూటర్‌కి సౌండ్ అందించే పెట్టె) ఇస్తే చప్పుడు లేకుండా రికార్డు చేసుకోవచ్చు కదా? @ఆరోతీగ సమస్య కూడా తీరిపోతుంది.

చిప్4558
వద్దు!! ఇది చదివిన ఎవరూ చేయకండి. ట్యూబ్ యాంప్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎప్పుడూ లోడ్, అంటే స్పీకరో దాని బదులు ఇంకో భారమో, ఉండాలి. లోడ్ లేకుండా వాయిస్తే లోపల వోల్టేజి విపరీతంగా ఎగిరి ట్రాన్స్‌ఫార్మరో, ట్యూబ్ సాకెట్టో కాలిపోతుంది. ఇంటర్‌ఫేస్ కూడా పోతుంది. ఇంకో మాట, యాంప్ వెనక మూత ఎవరూ విప్పొద్దు. లోపల 400 వోల్టులకు పైనే ఉంటుంది. ప్లగ్ పీకేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో ఆ చార్జి నిలిచి ఉండొచ్చు. బయాస్ (ట్యూబుల్లో పారే కరెంటు) సరిచేయడం, కెపాసిటర్లు మార్చడం తెలిసిన టెక్నీషియన్ పని.

స్పీకర్ బదులు లోడ్ బాక్స్ పెడితే నువ్వు చెప్పిందే భద్రంగా జరుగుతుంది. అందులో రియాక్టివ్ రకం తీసుకోవాలి, అది పైన చెప్పిన స్పీకర్ ఇంపీడెన్స్ ఊగులాటని చాలావరకు అనుకరిస్తుంది. దానికి ఒక క్యాబ్ ఐఆర్ (క్యాబ్, మైకు సౌండ్‌ని పట్టిన డిజిటల్ ఫైలు) జోడిస్తే అర్ధరాత్రి హెడ్‌ఫోన్లలో ఆరోతీగ ఈఎల్34లు నిజంగానే మండుతాయి.

కొత్తపిక్
బతికించారు.

నిద్రలేనిరిఫ్
మంచి లోడ్ బాక్స్ కొనే డబ్బుకి మోడలరే వచ్చేస్తుంది. బరువు తగ్గిందా అంటే ఇంకో పెట్టె పెరిగింది.

వేడిగాజు
ఇవన్నీ ఎందుకు, 5 వాట్ల ట్యూబ్ యాంప్ తీసుకుంటే ఇంటికి సరిపోతుందిగా?

మిక్సర్‌మూల
సరిపోదండీ. ఇక్కడ చాలామంది పొరబడేది ఇందులోనే. 50 వాట్లు 5 అయితే 10 డెసిబెల్‌లే తగ్గుతాయి, చెవికి సుమారు సగం వినిపిస్తుంది. పదో వంతు కాదు. చాలా గిటార్ స్పీకర్లు ఒక్క వాట్ ఇస్తేనే మీటర్ దూరంలో 97 నుంచి 100 డెసిబెల్ మోగుతాయి. 5 వాట్ల యాంప్ ట్యూబులు విరిగేదాకా తెరిచారంటే మళ్లీ అదే పక్కింటాయన, అదే తలుపు.

బొమ్మలకొలువు
"బొమ్మ" అని ఈసడించేవాళ్ల కోసం. మా అబ్బాయికి గిటార్ జాక్‌లో నేరుగా గుచ్చే అగ్గిపెట్టంత హెడ్‌ఫోన్ యాంప్ కొన్నాను. సౌండ్ గొప్పగా ఏమీ ఉండదు, గెయిన్ పెంచితే దోమల రొద. కానీ వాడు రోజూ వాయిస్తున్నాడు, భోజనానికి పిలిచినా లేవడు. పక్క గదిలో ఉన్న నా ట్యూబ్ హెడ్ మీద మాత్రం దుమ్ము పేరుకుంది.

జాక్‌పిన్
దీనికి నా దగ్గర జవాబు లేదు.

పెడల్‌పిచ్చి
ఒక్క జాగ్రత్త. బొమ్మ ఏదైనా సరే, మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయించొద్దు. మీటాక ఎప్పటికో వినిపిస్తుంది, లయ మొత్తం పాడవుతుంది. వైరున్నవే పెట్టించండి.

వేడిగాజు
ఆలస్యం అన్నారు కాబట్టి, మోడలర్లలో కూడా అదే కదా నేను చెబుతున్నది. మీటడానికీ మోగడానికీ మధ్య ఏదో ఎడం.

చిప్4558
ఈ కాలపు మోడలర్లలో ఆ ఎడం కొద్ది మిల్లీసెకన్లు. శబ్దం ఒక మిల్లీసెకన్‌లో 34 సెంటీమీటర్లు వెళ్తుంది. నీ యాంప్‌కి రెండు మీటర్ల దూరంలో నిలబడితేనే దాదాపు 6 మిల్లీసెకన్లు అయిపోయింది. ఎప్పుడైనా ఫిర్యాదు చేశావా?

అయితే నీ మాటలో కొంత నిజం ఉంది. డిజిటల్ వైర్‌లెస్, దాని వెనక మోడలర్, దాని వెనక డిజిటల్ డెస్క్, మళ్లీ చెవిలోకి డిజిటల్ ఇన్-ఇయర్. అన్నీ కలిస్తే కొందరి చేతికి తెలుస్తుంది. గొలుసులో ఒకటి తగ్గించుకుంటే చాలు.

మౌనవీణ22
ఇంట్లో దేవుడిలా ఉన్న ప్రీసెట్ (మోడలర్లో దాచుకున్న సెట్టింగు) రిహార్సల్‌లో దెయ్యం అయిపోవడం నాకొక్కడికేనా?

మిక్సర్‌మూల
అందరికీ. తక్కువ వాల్యూమ్‌లో చెవికి కింది స్థాయి, పై స్థాయి తక్కువగా వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని గీతలు గీసి చూపించారు. ఇంట్లో మెల్లగా వింటూ బేస్, ట్రెబుల్ ఎక్కిస్తారు. అదే గట్టిగా మోగిస్తే కింద బురద, పైన గాజుపెంకులు. ప్రీసెట్లు చేసేది రిహార్సల్ వాల్యూమ్‌లోనే. క్యాబ్ తర్వాత 80 లేదా 100 హెర్ట్జ్ దగ్గర లో కట్ (దాని కిందివి తీసేయడం), 6 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల హై కట్ (దాని పైవి తీసేయడం). మిడ్స్ (మధ్య స్థాయి) మీద చెయ్యి వేయొద్దు, బ్యాండ్‌లో గిటార్ బతికేది అక్కడే. మోడలర్ బాగోలేదని అమ్మేసినవాళ్లలో సగంమంది ఈ రెండు కట్లు పెట్టి ఉంటే అమ్మేవాళ్లు కాదని నా నమ్మకం.

పాతగోనె
మిగతా సగం 1998 నాటి ఎర్ర చిక్కుడుగింజని విని, దాని మీదే ఇంకా తీర్పులు చెబుతున్నవాళ్లు. ఆ గింజ ఆకారపు లైన్ 6 పాడ్ తర్వాత 2006లో ఫ్రాక్టల్ యాక్స్-ఎఫ్ఎక్స్, ఆ తర్వాత కెంపర్, 2015లో హీలిక్స్ అనే మోడలర్లు వచ్చాయి. ఇప్పుడు న్యూరల్ యాంప్ మోడలర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. అసలు యాంప్‌లోకి ఒక టెస్ట్ సిగ్నల్ పంపి, బయటికొచ్చినదాన్ని విని నేర్చుకుంటుంది.

జాక్‌పిన్
నేర్చుకునేది ఒక్క నాబ్ పొజిషన్‌నే. గెయిన్ నాలుగు దగ్గర తీసిన క్యాప్చర్‌లో (అలా నేర్చుకున్న నకలులో) గెయిన్ ఎనిమిదికి తిప్పితే అది అసలు యాంప్ ఎనిమిది కాదు.

పాతగోనె
నిజమే. ఎనిమిది దగ్గర ఇంకో క్యాప్చర్ తీసుకోవాలి.

వేడిగాజు
ఇంకో ఇరవై ఏళ్ల తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ ఏ కంప్యూటర్లో నడుస్తుంది? నా స్నేహితుడి పాత మోడలర్ పెట్టె భేషుగ్గా ఉంది, దాన్ని ఎడిట్ చేసే ప్రోగ్రాం మాత్రం కొత్త కంప్యూటర్లో తెరుచుకోదు. కంపెనీని అడిగితే ఆ మోడల్‌కి సపోర్టు ఆపేశామన్నారు. 1960ల ట్యూబ్ యాంప్‌ని ఇవాళ కూడా సోల్డరింగ్ ఐరన్‌తో బతికించొచ్చు.

నిద్రలేనిరిఫ్
ట్యూబులు దొరికితే. గిటార్ ట్యూబులు చేసే పెద్ద ఫ్యాక్టరీలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. స్లొవాకియాలో జేజే, రష్యాలో సరాతోవ్‌లో ఒకటి, మిగిలింది చైనా. 2022లో రష్యా ఎగుమతులు ఆగేసరికి ఎలా కొట్టుకుపోయామో మర్చిపోయారా? అవసరం లేనివాళ్లు కూడా డజన్లకొద్దీ దాచుకున్నారు.

ఫజ్‌బాబాయ్
దాచుకున్నవాళ్లలో నేనొకణ్ణి. యాంప్ లేదు. ట్యూబులున్నాయి.

ఆరోతీగ
అన్నీ చదివాను. అమ్మే ముందు ఒకటి చేసి చూశా. రెండోవాడి మోడలర్‌ని ఒక వారం అడిగి తెచ్చుకుని, నా కాంబో వెనక ఎఫెక్ట్స్ లూప్ రిటర్న్‌లో (ప్రీయాంప్ అనే మొదటి దశని దాటేసి నేరుగా పవర్ యాంప్‌లోకి వెళ్లే సాకెట్) పెట్టా. ప్రీయాంప్ పని మోడలర్ చేస్తుంది, మోగేది నా ఈఎల్34లు, నా స్పీకర్లు. బరువు సంగతి అలాగే ఉందనుకోండి. కానీ సౌండ్ కీచుగా, గొంతు నొక్కినట్టుగా ఉంది. రికార్డింగ్ కోసం ఇంకో అవుట్‌పుట్ మిక్సర్‌కి కలిపితే పెద్ద హమ్ కూడా.

చిప్4558
మొదటిది: క్యాబ్ బ్లాక్ ఆపేశావా? నిజం స్పీకర్ ఉండగా స్పీకర్ సిమ్యులేషన్ కూడా పెడితే రెండుసార్లు వడగట్టినట్టే. పవర్ యాంప్ మోడలింగ్ కూడా తీసేసి, ప్రీయాంప్ మాత్రమే ఉంచు. అవుట్‌పుట్ లైన్ లెవెల్‌కి మార్చు.

రెండోది గ్రౌండ్ లూప్, అంటే యాంప్, మిక్సర్ రెండు దారుల్లో ఎర్త్‌కి కలవడం వల్ల వచ్చే హమ్. మిక్సర్‌కి వెళ్లే ఎక్స్ఎల్ఆర్ దగ్గర గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటే నొక్కు, లేకపోతే మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (వాద్యం సిగ్నల్‌ని నేరుగా మిక్సర్‌కి పంపే పెట్టె) పెట్టు. ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం పీకకు. నీ చేతిలో ఉన్న తీగలు ఆ ఎర్త్‌కే కలిసి ఉంటాయి.

ఆరోతీగ
క్యాబ్ బ్లాక్ ఆపగానే గొంతు విచ్చుకుంది! హమ్ కూడా పోయింది. రేపు రిహార్సల్‌కి ఇలాగే తీసుకెళ్తా. మిక్సర్‌మూల గారూ, కుర్చీ మీదే పెడతా.

మిక్సర్‌మూల
ఫొటో పెట్టు. నమ్మను.

కిందితీగ
బేస్ వాయించేవాణ్ణి. మీరంతా ఇంత కొట్టుకుంటున్నారు, మాకెందుకు ఈ గొడవ రాలేదో ఎవరైనా చెప్తారా?

పాతగోనె
మీకు 1969లోనే వచ్చింది. యాంపెగ్ ఎస్‌వీటీ, 300 వాట్లు, పవర్ ట్యూబులే ఆరు. హెడ్ ఒక్కటే దాదాపు 40 కిలోలు, దాని కింద పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న క్యాబ్. ఒకసారి మోసినవాళ్లెవరూ తర్వాత చర్చ పెట్టలేదు, డీఐ బాక్స్ కొనుక్కుని మనకన్నా ముందే ఇంటికెళ్లిపోయారు.